మెడ, భుజాలకు మసాజ్ ఎలా చేయాలి?

మెడ పట్టేసిందని ఎవరైనా అంటే చాలు, వెనక చేరి రెండు బొటనవేళ్లతో కసిగా నొక్కేస్తారు. పాపం, ఆ మనిషి భుజాలు చెవుల దాకా లేస్తాయి. నొప్పికి కండ ఇంకా బిగుసుకుందంటే ఆ నొక్కుడు దండగే.

గోళ్లు కత్తిరించుకోండి. మనిషిని కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు వేసి తల ఆనించమనండి. నూనె నాలుగు చుక్కలు చాలు, ఎక్కువైతే వేళ్లు జారిపోతాయి. మెడ మొదలు నుంచి భుజం చివరి దాకా అరచేతులతో మూడు నిమిషాలు మెల్లగా రాయండి.

ఇక అసలు పని, ముడి పట్టుకోవడం. మెడకూ భుజానికీ మధ్య ఉన్న కండ మీద వేళ్లు నెమ్మదిగా జరుపుతుంటే ఒకచోట చిన్న గోలీలాంటి గట్టిదనం తగులుతుంది, అదే ముడి. దాని మీద బొటనవేలు ఆనించి ఆగండి. ఆయన ఊపిరి వదులుతున్నప్పుడు, వేలి బలంతో కాకుండా మీ ఒంటి బరువును కొంచెం కొంచెంగా వాల్చండి. "హాయిగా ఉంది కానీ నొప్పిగా ఉంది" అనేంత వరకే. పదికి ఐదు నొప్పి దాటకూడదు. ఊపిరి బిగబట్టారా, మీరు ఎక్కువ నొక్కినట్టే. ఇరవై, ముప్పై సెకన్లు అలాగే ఉంచితే వేలి కింద కండ మెత్తబడటం మీకే తెలుస్తుంది. నొక్కినంత నెమ్మదిగానే వేలు తీయండి. ఒక ముడికి మూడుసార్లు, అంతే. కరిగేదాకా వదలనని పట్టుబడితే మర్నాడు మెడ తిప్పలేరు.

వెన్నెముక ఎముక మీద నొక్కొద్దు. మెడ ముందు, పక్కల నాడి కొట్టుకునే చోట అసలే వద్దు, కళ్లు తిరిగి పడిపోవచ్చు. మెడను టక్కున తిప్పి శబ్దం తెప్పించే పని మాత్రం దయచేసి ఎవరూ చేయకండి. అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు.

మెషీన్లు నాకు నచ్చవు. ముడి ఎక్కడుందో, మనిషి ఎప్పుడు ఊపిరి బిగబట్టాడో వాటికి తెలియదు. మసాజ్‌తో ఒంట్లో విషాలు పోతాయన్న మాటా నమ్మకండి, ఆ పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. కండ వదులవుతుంది, టెన్షన్ తగ్గుతుంది, ఆ రాత్రి నిద్ర బాగా పట్టొచ్చు. అది చాలదా?

చివర మళ్లీ రెండు నిమిషాలు అరచేతులతో రాసి వదిలేయండి. జ్వరం ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. చేతిలోకి తిమ్మిరి పాకుతుంటే ఇంట్లో మసాజ్ మానేసి నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.