ఎండలో అలల్ని నురగలా తీయాలంటే

మైపాడు బీచ్‌లో పొద్దెక్కితే ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే స్థాయి) 100, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) పెట్టినా షట్టర్ 1/250 సెకను దగ్గరే ఆగుతుంది. అల గడ్డకట్టినట్టు పడుతుంది. అలాగని వెలుగు తగ్గించడానికి ఎఫ్/22కి పోకండి, ఫొటోలో పదును పోతుంది. లెన్స్ ముందు వెలుగు తగ్గించే నల్లద్దం, అంటే 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది) వేస్తే ఆ 1/250 కాస్తా 4 సెకన్లవుతుంది.

ముందు ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాతే ఫిల్టర్ బిగించండి. బిగించాక ఆటోఫోకస్ తడుముకుంటుంది. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అయితే వ్యూఫైండర్‌కి, అంటే కన్ను పెట్టి చూసే కంతకి, నల్ల టేపు అంటించండి, వెనకనుంచి వెలుగు దూరుతుంది. బటన్ నొక్కినప్పుడు కెమెరా కదలకుండా టైమర్ 2 సెకన్లు పెట్టండి. ట్రైపాడ్ కాళ్లు తడి ఇసుకలో జానెడు దిగేదాకా నొక్కాలి. అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకని లాక్కెళ్తుంది, ఆ 4 సెకన్లలో కెమెరా కొంచెం ఒరిగినా ఫొటో పాడే.

తిప్పితే నలుపు పెరిగే రకం ఎన్‌డీ వాడితే ఒక్క జాగ్రత్త: వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఆకాశంలో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది.