టైమింగ్ చైన్ మార్చాక ఆయిల్ కారుతుంటే ఎక్కడ వెతకాలి, ఎలా ఆపాలి

ఇంజన్ లోపలి టైమింగ్ చైన్ మార్చిన కొద్ది రోజులకే బండి కింద ఆయిల్ మరకలు పడుతున్నాయని చాంబర్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పడానికి తొందరపడొద్దు. ఆయిల్ పైనుంచి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. చుక్క పడే చోటు వేరు, లీకు పుట్టే చోటు వేరు. ఇంజన్ ముందువైపు డీగ్రీజర్‌తో కడిగి, ఆరాక అతుకుల మీద టాల్కం పౌడర్ అద్దండి. పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి, ఆపి, టార్చి వేసి చూడండి. తడిసినచోట్లలో అన్నిటికన్నా పైనున్నదే అసలు లీకు.

ముందు సులువైనవి చూడండి: పాతదే తిరిగి వేసిన ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్, చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ దగ్గరి రబ్బరు 'ఓ-రింగు' (O-ring). క్రాంక్ పుల్లీ వెనక గుండ్రంగా చిమ్మినట్టుంటే కారేది క్రాంక్ సీలే, అంటే పుల్లీ మెడ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలు. పుల్లీని పొడిగా నెడితే సీలు పెదవి మడతపడుతుంది, అందుకే ముందు ఆయిల్ రాయాలి. పుల్లీ మెడమీద గోరు తగిలేంత గాడి పడితే కొత్త సీలూ ఆగదు. రిపేర్ స్లీవ్ వేయాలి, లేదా పుల్లీ మార్చాలి. ఆటోనగర్‌కు పాత సీలు తీసుకెళ్లండి; చాలావాటి మీద లోపలి, బయటి కొలతలు, మందం ఉంటాయి.

ఎక్కువగా మోసం చేసేవి మూలలు. హెడ్, బ్లాకు, టైమింగ్ కవర్ మూడూ కలిసేచోట సన్నని సందు ఉంటుంది. అక్కడ సిలికాన్ చుక్క పెట్టకపోతే ఎంత బిగించినా కారుతుంది. బయటినుంచి పూసిన అనబాండ్ లాంటి సిలికాన్ పేస్టు జిడ్డుమీద పట్టదు. కవర్ తీయాల్సిందే. పుల్లీ బోల్టు వదులు చేసేముందు పుల్లీ మీది, కవర్ మీది టైమింగ్ మార్కులు కలపండి, క్రాంకును వెనక్కి తిప్పొద్దు, చైన్ పన్ను దాటుతుంది.

పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనే గీకండి. గ్రైండర్‌కు రాపిడి డిస్కు తగిలించి తోమితే ఆ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను తినేస్తుంది. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, బోల్టు రంధ్రాలకు లోపలివైపుగా 3 నుంచి 4 మిల్లీమీటర్ల సిలికాన్ గీత తెగకుండా వేయండి. అంతకన్నా మందమైతే లోపలికి పిసికిన ముక్కలు ఊడి ఆయిల్ పంపు పీల్చే చోటి జాలీని మూసేస్తాయి. విజయవాడ ఎండాకాలంలో పైపొర త్వరగా గట్టిపడుతుంది. పొద్దున్నే, నీడలో, బోల్టులన్నీ వరుసగా సర్దుకుని పని మొదలుపెట్టి, 5 నిమిషాల్లో కవర్ ఎక్కించండి. ఆనించాక మళ్లీ ఎత్తారా, తుడిచి కొత్తగా పూయాలి.

బోల్టుల పొడవులు వేరువేరు. పొడవైనది పొట్టి రంధ్రంలో పడితే అడుగు తగిలి బిగిసినట్టే ఉంటుంది, కవర్ మాత్రం వదులే. 6 మిల్లీమీటర్ల బోల్టులకు టార్కు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు, మీ ఇంజన్ మాన్యువల్ చూసుకోండి. రాత్రంతా ఆరనిచ్చి ఆయిల్ పోయండి. మర్నాడు బోల్టులు మళ్లీ బిగించొద్దు, ఆరిన పట్టు విడిపోతుంది.

రెండు మూడు చోట్ల ఒకేసారి తడిస్తే ముందు పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి లాగే వాల్వ్) చూడండి. అది మూసుకుంటే లోపలి ఒత్తిడి ఎంత కొత్త సీలునైనా తోసేస్తుంది.