పదకొండింటి ఆకలి, రాత్రి రెండింటి ఆకలి: ఏది ఎందుకో పట్టుకోవడం ఎలా

తీపి మీద మనసు పోతే ఫలానా ఖనిజం తక్కువ, కారం మీద పోతే ఇంకోటి తక్కువ అంటూ వాట్సాప్‌లో తిరిగే పట్టికను ముందు పక్కన పెట్టండి. శరీరం అలా చీటీ రాసి పంపదు. ఇనుము, ఉప్పు విషయంలో తప్ప, ఒక తిండి మీద యావకీ ఒక పోషకం లోపానికీ ముడిపెట్టడానికి గట్టి ఆధారం లేదు. ఏం తినాలనిపించింది అన్నది కాదు, ఎన్ని గంటలకు అనిపించింది, అప్పుడు ఒంట్లో ఇంకేం జరుగుతోంది అన్నది చూడాలి.

అందుకు ఒక నోటుబుక్కు చాలు. వారం రోజులు, ఆకలైన ప్రతిసారీ ఒక వరుస రాయండి: గంట, ఏం తినాలనిపించింది, అంతకుముందు ఎప్పుడు ఏం తిన్నారు, వణుకు, చెమట, మంట, నీరసం ఏమైనా ఉన్నాయా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. ఆడవాళ్లు నెలసరి తేదీ, మందులు వాడేవాళ్లు మాత్ర వేసుకున్న టైము కూడా రాయాలి. సాయంత్రం కూర్చుని గుర్తుచేసుకుని రాస్తే సగం తప్పుతుంది, అప్పటికప్పుడు రాయాల్సిందే.

ఆకలికీ యావకీ తేడా తెలియాలంటే ఒకటే పరీక్ష. ఎదురుగా సద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ ఉంటే తింటారా? తింటాననిపిస్తే అది ఆకలి. "అది వద్దుగానీ మలై కాజా ఉంటే ఒకటి తింటా" అనిపిస్తే యావ. రెంటికీ మందు ఒకటి కాదు.

పదకొండింటికే కడుపు కాలుతుంటే

ఏడున్నరకు టిఫిన్ చేసి పదకొండింటికల్లా ఆకలి దంచేస్తుంటే, ముందు అనుమానించాల్సింది జబ్బును కాదు, టిఫిన్ ప్లేటును. నాలుగు ఇడ్లీలు, పల్చటి చట్నీ కలిపి చూస్తే ప్రోటీన్ 8, 9 గ్రాములకు మించదు. పిండి పదార్థం తొందరగా అరిగి రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఇన్సులిన్ దాన్ని దించుతుంది, కొందరిలో రెండు మూడు గంటలకల్లా మామూలు కంటే కాస్త కిందికే దించేస్తుంది. ఆ దిగిన వేళే ఆకలి. నెయ్యి కారం దోశ సంగతి వేరు. నెయ్యికి కడుపు బరువుగా ఉంటుంది, కానీ ఎర్రకారం రుచికి రెండో దోశ తెలియకుండానే లోపలికి పోతుంది. కేలరీలు బోలెడు, ప్రోటీన్ మాత్రం అంతే.

మార్పు చిన్నదే. ఇడ్లీలు రెండుకు తగ్గించి రెండు ఉడికిన గుడ్లు పెట్టుకోండి, అక్కడే 12 గ్రాముల ప్రోటీన్ వచ్చింది. గుడ్డు తిననివాళ్లు 50 గ్రాముల సెనగలు ముందురోజు రాత్రి నానేసి గుగ్గిళ్లు చేసుకుంటే 10 గ్రాముల దాకా వస్తుంది. చట్నీ చేస్తే మనిషికి 30 గ్రాముల వేరుశనగ పప్పులు పడేలా గట్టిగా చేయండి. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. దాన్ని మూడు పూటలకూ పంచాలి గానీ, ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారే మాంసంతో తీరుద్దామంటే కుదరదు.

మధ్యాహ్నం చేపల పులుసు ఉన్న రోజున మన ఇళ్లలో జరిగేది చూడండి. పులుసు కలుపుకుని అన్నం అంతా లాగించేసి, ముక్కను పళ్లెం అంచున చివరికి దాచుకుంటాం. దీన్ని తిరగేయండి. ముందు ఒక గరిటె కూరగాయ, తర్వాత చేప ముక్క, ఆ తర్వాతే పులుసన్నం. అదే భోజనం ఈ వరుసలో తింటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. పళ్లెంలో 100 గ్రాముల చేప ఉంటే దాదాపు 20 గ్రాముల ప్రోటీన్. అన్నం, బియ్యంగా కొలిస్తే 80 గ్రాములు, వండాక ఓ 220 గ్రాములు. ప్రకాశం మెట్ట వైపు కొర్రన్నం, వరిగన్నం తినేవాళ్లకు ఒక మాట: బాగా పాలిష్ పట్టించిన కొర్రలకూ తెల్లబియ్యానికీ పెద్ద తేడా ఉండదు, పైతవుడు ఉన్నవే కొనండి.

తప్పులు జరిగేది రెండుచోట్ల. పప్పు తింటున్నామని చెప్పి పప్పుకట్టు పోసుకోవడం ఒకటి. ఒక్కరోజులో గుగ్గిళ్లు, ఆకుకూరలు రెట్టింపు చేసి కడుపుబ్బరంతో మానేయడం రెండోది, వారానికి కొంచెం చొప్పున పెంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

నాలుగు రోజులు ఇలా తిన్నాక ఆకలి ఒంటిగంటకు జరిగిందంటే తప్పు ప్లేటుదే. జరగకపోతే కిందికి చదవండి.

షుగర్: పెరిగినా ఆకలే, తగ్గినా ఆకలే

ఎంత తిన్నా తీరని ఆకలి, దాంతోపాటు దాహం, రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, తింటున్నా బరువు తగ్గడం. ఇవి కలిసి ఉంటే రక్తంలో చక్కెర ఉండీ కణాలకు అందడం లేదని అర్థం. పరగడుపున 126 మిల్లీగ్రాములు గానీ, హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష) 6.5 శాతం గానీ, ఆపైన గానీ ఉంటే అది షుగర్ కిందే లెక్క. లక్షణాలు లేనివాళ్లయితే ఇంకోసారి చేయించి ఖాయం చేసుకోవాలి.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవాళ్లకు ఉన్నట్టుండి వచ్చే ఆకలి వేరే కథ. చెమట, వణుకు, గుండెదడతో ఆకలేస్తే చక్కెర 70 కంటే దిగిందేమో చూడాలి. మీటరు దగ్గర లేకపోతే దిగిందనే అనుకోండి. అర గ్లాసు నీళ్లలో మూడు టీస్పూన్ల పంచదార కలిపి తాగండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి, 70 దాటకపోతే మళ్లీ అంతే. దాటాక అన్నమో టిఫినో తినాలి, లేకపోతే మళ్లీ దిగుతుంది. కాజా తింటే నెయ్యి, పాలమీగడ అడ్డుపడి చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇక్కడ అది పనికిరాదు. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు కూడా వాడేవాళ్లకు పంచదార త్వరగా అరగదు, వాళ్లు గ్లూకోజ్ పొడి జేబులో ఉంచుకోవాలి. బీపీకి బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లలో వణుకు, దడ బయటపడకపోవచ్చు, చెమటను నమ్ముకోండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

రాత్రి రెండింటికి లేపే "ఆకలి"

నడిరాత్రి పొట్ట పైభాగంలో కాలినట్టు, కొరికినట్టు ఉండి, రెండు బిస్కెట్లు తింటే సర్దుకుంటే అది ఆకలి కాకపోవచ్చు. చిన్నపేగు మొదట్లో పుండు ఉన్నా ఇలాగే ఉంటుంది: ఖాళీ కడుపున నొప్పి, తింటే ఉపశమనం. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసి నొప్పిమాత్రలు రోజూ మింగే కనిగిరి, పొదిలి వైపు వాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత ఆమ్లం ఇంకా ఊరుతుంది. ఏళ్లతరబడి గ్యాస్ మాత్రతో నెట్టుకురాకుండా, ఇలాంటి పుండ్లు తెచ్చే హెచ్.పైలోరి అనే క్రిమి ఉందేమో పరీక్ష చేయించుకోండి, అది ఉంటే యాంటీబయాటిక్ కోర్సుతో పోతుంది. తారులా నల్లగా, జిగటగా, కంపు కొట్టే విరేచనం అయితే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

బలపాలు, పచ్చి బియ్యం, మట్టి, ఐసు

పైన ఇనుము అని మినహాయించింది దీన్నే. బియ్యం డబ్బా దగ్గరికి పోయినప్పుడల్లా గుప్పెడు నోట్లో వేసుకోవడం, పిల్లల బలపాలు కొరకడం, వాన పడ్డప్పుడు వచ్చే మట్టివాసనకు నోరూరడం, ఫ్రిజ్‌లో ఐసు నమలడం. తిట్టి మాన్పించాలని చూడకండి, రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11, మగవాళ్లకు 13 కంటే తక్కువుంటే రక్తహీనత. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే అంకె) తగ్గి ఉండొచ్చు, అదీ చూడాలి. మట్టి తింటే మరో చిక్కు, తిండిలో ఉన్న కాస్త ఇనుమునూ అది పట్టేసుకుంటుంది.

గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు, ఇనుము మాత్ర ప్రభుత్వమే ఇస్తుంది. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మాత్ర పనిచేయలేదనేవాళ్లలో చాలామంది దాన్ని టీతో వేసుకుంటున్నవాళ్లే. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, వీటికీ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి, లేదా వెంట ఒక జామకాయ తినండి. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి, కొంచెం తక్కువ ఒంటబట్టినా మానేయడం కంటే నయం. విరేచనం నల్లబడుతుంది, దానికి భయం లేదు, పైన చెప్పిన జిగట, కంపు ఉండవు. ఐసు మీద యావ చాలామందికి వారం రెండు వారాల్లోనే పోతుంది, హిమోగ్లోబిన్ పెరగడానికి ముందే. యావ పోయిందని మాత్రలు ఆపేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు వేసుకుంటేనే నిల్వ నిండుతుంది.

మిగతావి

రోహిణి కార్తె ఎండలో రొయ్యల గుంటల దగ్గరో, చీమకుర్తి క్వారీల్లోనో చెమటోడ్చినవాళ్లకు ఉప్పు మీద మనసు పోవడం సహజమే, ఉప్పేసిన మజ్జిగ చాలు. చెమట పట్టకుండానే ఎప్పుడూ ఉప్పు నాకాలనిపిస్తూ, ఒళ్లు నల్లబడి, బరువు తగ్గి, లేస్తే కళ్లు తిరుగుతుంటే అడ్రినల్ గ్రంథి జబ్బు ఉందేమో చూపించుకోండి.

పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా మేలుకునేవాళ్లకు మర్నాడు తీపి, నూనె సరుకు మీదే చెయ్యి పోతుంది. నిద్ర చాలకపోతే ఆకలి పెంచే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. దానికి మందు నిద్రే. చుట్ట, బీడీ మానేసినవాళ్లకు నికోటిన్ అణచి ఉంచిన ఆకలి తిరిగొస్తుంది. మొదటి ఏడాది నాలుగైదు కిలోలు పెరగడం మామూలే, దానికి భయపడి మళ్లీ ముట్టించకండి.

తెగ తింటున్నా చిక్కిపోతూ, చేతులు వణుకుతూ, ఉక్కపోస్తుంటే థైరాయిడ్ చూడాలి. ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్), ఒలాంజపిన్ (మానసిక జబ్బుల మందు) వాడేవాళ్ల ఆకలి మందు వల్లే, వాటిని సొంతంగా ఆపితే ప్రమాదం. నెలసరికి ముందు వారం యావ పెరిగితే అది దానంతట అదే పోతుంది.

ల్యాబుకు వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి. సీబీసీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ లెక్క), ఫెరిటిన్, పరగడుపు షుగర్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చాలావరకు సరిపోతాయి. జ్వరంలో ఫెరిటిన్ చేయిస్తే లేని నిల్వను ఉన్నట్టు చూపిస్తుంది, తగ్గాక చేయించండి. ఇనుము లోపం ఉన్నప్పుడు హెచ్‌బిఎ1సి ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు కాబట్టి, రక్తహీనత ఉన్నవాళ్లు ఆ ఒక్క అంకె చూసి షుగర్ మాత్రలు మొదలుపెట్టకుండా పరగడుపు, తిన్న తర్వాతి షుగర్‌లతో పోల్చి చూడమని డాక్టర్‌ను అడగండి.