ఇంజిన్ బ్లాక్ బాగుచేయించాలా, మార్చాలా? ముందు జాగ్రత్తలు

- బ్లాకు (సిలిండర్లుండే ఇంజిన్ ప్రధాన లోహపు దిమ్మ) పగిలిందన్న అనుమానం రాగానే ఇంజిన్ ఆపేయండి. పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి.

- ఆయిల్ పాలలా తెల్లబడితే బ్లాకే పోయిందనుకోకండి; హెడ్ గ్యాస్కెట్ (బ్లాకుకూ దాని పైన బిగించే హెడ్‌కూ మధ్య ఉండే సీలు) దెబ్బతిన్నా అలాగే అవుతుంది. ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి లీకులు చూసే పరీక్ష) చేయించాకే నిర్ణయానికి రండి.

- పగులు ఎక్కడుందో మీ కళ్లతో చూడండి. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. బయటి వాటర్ జాకెట్ (చల్లబరిచే నీరు తిరిగే భాగం) మీదైతే లోహపు పిన్నులతో కుట్టినట్టు అతకవచ్చు. సిలిండర్ గోడకైతే చాలాసార్లు స్లీవ్ (లోపల తొడిగే లోహపు గొట్టం) వేయవచ్చు. మెయిన్ బేరింగ్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసును మోసేది) కూర్చునే చోటైతే, ఎవరెంత భరోసా ఇచ్చినా, మార్చడమే మేలని నా అభిప్రాయం.

- పోత ఇనుప బ్లాకును ముందుగా వేడిచేయకుండా వెల్డింగ్ చేస్తే పక్కనే కొత్త పగులు రావచ్చు. ఎలా చేస్తారో ముందే అడగండి.

- పగుళ్లు కనిపెట్టే అయస్కాంత పరీక్ష అల్యూమినియం బ్లాకుకు పనిచేయదు. రంగు ద్రవంతో పరీక్షించమనండి.

- వాడిన బ్లాకు కొంటుంటే దానికీ ఇవే పరీక్షలు. ఇంజిన్ నంబరు సరిచూసుకోండి.