గాలం వేసే ముందు నీళ్లలో థర్మామీటర్ ముంచండి

జులైలో స్కాట్లాండ్‌లో 27 డిగ్రీల ఎండ కాస్తే, టే నది గట్టున కూర్చున్న మన గోదావరి జిల్లాల మనిషికి నవ్వొస్తుంది. మనకది సంక్రాంతి నాటి మధ్యాహ్నం. సాల్మన్‌కి మాత్రం రోహిణి కార్తె.

సాల్మన్, సీ ట్రౌట్ రెండూ మన పులస లాంటివే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతాయి. పులస వరద గోదావరి కోసం చూసినట్టే ఇవీ కొత్త నీటి కోసం చూస్తాయి. వానల్లేక నది చిక్కిపోతే, పైకొచ్చినవన్నీ లోతు మడుగుల్లో గుంపుగా ఆగిపోతాయి. ఏట్లో అడుగుపెట్టాక సాల్మన్ మేత ముట్టదు, సముద్రంలో దాచుకున్న కొవ్వుతోనే నెలలు గడపాలి. పైగా నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాములు కరిగేది, 20 దగ్గర 9కి పడిపోతుంది. చేపకేమో వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. అలాంటప్పుడు గాలానికి పది నిమిషాలు పెనుగులాడిన చేపను ‘మళ్లీ నీళ్లలో వదిలేశాం కదా’ అనుకుంటే చాలదు. ఈదుకుంటూ వెళ్లిన చేప కూడా తర్వాత ఎక్కడో అడుగున చచ్చిపోవచ్చు.

అక్కడ చాలా నదుల మీద పాటించే గీత 20 డిగ్రీలు, నీళ్లు అది దాటితే గాలం ఆపేయాలని. నేనైతే 18 దాటగానే వెనకాడతాను. ఒడ్డున నిలవనీటిలో కాకుండా, నీడలో పారే నీటిలో థర్మామీటర్ రెండు మూడు నిమిషాలు ఉంచి చూడండి. అసలు మోసం సాయంత్రం వేళది. ఒకసారి ఏడింటికి చల్లగాలి తిరిగిందని దిగాను. అరగంటలో ఆరేడు పౌన్ల ఆడ సాల్మన్ పడింది. ముల్లు తీసి నీళ్లలో నిటారుగా పట్టుకుంటే నిలవలేదు, పక్కకు వాలిపోతోంది. మొప్పలు ఎగిరెగిరి పడుతున్నాయి. పావుగంట అలాగే పట్టుకున్నాక మెల్లగా కదిలింది. బతికిందనే ధైర్యం నాకు లేదు. అప్పుడు నీటిని కొలిస్తే 21. గాలి చల్లబడినా పగలంతా ఎండకు కాగిన నది గంటలపాటు వేడిగానే ఉంటుంది. అది చల్లగా ఉండేది తెల్లవారుజామున, వెళ్లేదేదో అప్పుడే వెళ్లండి.

సన్నని దారం వేసి ఎక్కువసేపు ఆడించడం గొప్పేం కాదు. గట్టి దారం కట్టి, త్వరగా ఒడ్డుకు తెండి. ముల్లుకున్న వెనక్కొంగిన కొనను పటకారుతో అణిచేయండి. ముడుల్లేని వల వాడండి, చేతులు తడుపుకోండి, చేపను నీళ్లలోంచి ఎత్తకండి. ఫొటో కోసం రాళ్ల మీద పడుకోబెట్టే మిత్రులతో నేను వెళ్లడం మానేశాను.

సీ ట్రౌట్‌ను చాలామంది రాత్రే పడతారు. లోతులు, జారుడు రాళ్లు పగలే చూసిపెట్టుకోండి. నీళ్లు తగ్గిన ఏట్లో పాచి నూనె పూసినట్టుంటుంది. ఒంటరిగా దిగకండి. టమ్మెల్ లాంటి టే ఉపనదుల మీద విద్యుత్ కేంద్రాలున్నాయి, ఎండాకాలంలోనూ నీళ్లు వదిలితే మట్టం ఉన్నట్టుండి లేస్తుంది. ఉరుము వినబడితే కార్బన్ గాలపు కర్ర కింద పడేసి దూరం జరగండి, దానిలోంచి కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద కర్ర విసరకండి. ఇంటికొచ్చాక గుండుసూది తలంత పిడుదు ఎక్కడైనా పట్టిందేమో ఒళ్లంతా చూసుకోండి. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది.

చట్టం సంగతి: స్కాట్లాండ్‌లో ఆదివారం సాల్మన్, సీ ట్రౌట్ పట్టకూడదు. లైసెన్సు అక్కర్లేదు గానీ ఆ నీటి హక్కుదారు అనుమతి కావాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 13 ఏళ్లు నిండితే లైసెన్సు తప్పనిసరి. స్కాట్లాండ్‌లో ఏ నదిలో పట్టిన సాల్మన్ తప్పక వదలాలో ఏటా నదులను వర్గాలుగా విడదీసి ప్రకటిస్తారు, పర్మిట్ కొనేటప్పుడే అడగండి.

నది బాగా వేడెక్కిన వారాల్లో చేతులు ఊరుకోకపోతే సముద్రపు గట్టుకు వెళ్లండి. మాకెరెల్ పడుతుంది, మన కానాగంతల చుట్టమే. చింతపండు పులుసుకు ఏమాత్రం తీసిపోదు.