‘రెవల్యూషనైజ్’ ఎక్కడ వాడాలి?
ఇంగ్లీషులో రెజ్యూమె రాసేటప్పుడు చిన్న మార్పుకి కూడా ‘రెవల్యూషనైజ్‌డ్’ (సమూలంగా మార్చేశాను) అని పెట్టేస్తుంటారు. చదివేవాళ్లకి అది అతిగా అనిపిస్తుంది. పంపేముందు ఆ క్రియ పక్కన ‘ద వే పీపుల్...’ (జనం ఫలానా పని చేసే తీరుని) అని చేర్చి చదివి చూడండి. వాక్యం నిలబడితే ఉంచేయండి. 1913లో ఫోర్డ్ కంపెనీ కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, 12 గంటలకు పైగా పట్టే కారు బిగింపు గంటన్నరకు దిగింది. ఇంగ్లీషువాళ్లు ఆ మాట వాడేది అలాంటి చోట. కర్త కూడా ఎక్కువగా ఏదో ఒక ఆవిష్కరణో, పద్ధతో అయి ఉంటుంది.

నిలబడలేదా? పాత సిస్టమ్‌ని మొత్తం విప్పి సరిచేస్తే ‘ఓవర్‌హాల్’, వెబ్‌సైట్, మెనూ లాంటివాటికి కొత్త రూపు ఇస్తే ‘రీవ్యాంప్’. రిపోర్టు ఫార్మాట్ మార్చినందుకు ‘చేంజ్‌డ్’ చాలు.

ప్రకటనలు రాసేవాళ్లకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ షాంపూకి కూడా ఆ పెద్ద మాటే నడుస్తుంది.