పాత సిస్టమ్‌లో నడుస్తున్న మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ వేయడం ఎలా?

మిగతా సర్వర్లన్నిటికీ నెలనెలా ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్‌లు) వేస్తూ, వాటిని కనిపెట్టుకుని ఉండే మానిటరింగ్ సర్వర్‌ని మాత్రం ఏళ్ల తరబడి ముట్టుకోకుండా వదిలేయడం చాలాచోట్ల చూశాను. గ్రాఫులు వస్తూనే ఉంటాయి, అలర్ట్‌లు మోగుతూనే ఉంటాయి, కదిలిస్తే ఎక్కడ ఆగిపోతుందో అన్న టెన్షన్‌తో ఎవరూ దాని జోలికి పోరు. కానీ ఆ పెట్టెలో ఏమేం ఉన్నాయో ఒక్కసారి లెక్కేసుకోండి. రౌటర్ల స్థితిని అడిగి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ ప్రోటోకాల్‌కి పాస్‌వర్డ్‌ల్లా పనిచేసే కమ్యూనిటీ పేర్లు, సర్వర్లలోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, పైగా ఫైర్‌వాల్‌లో దానికోసమే తెరిచిపెట్టిన పోర్టులు. తాళం చెవుల గుత్తి మొత్తం అక్కడే ఉంది. 2020 డిసెంబరులో బయటపడ్డ సోలార్‌విండ్స్ ఒరాయన్ ఉదంతం కూడా మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌దే, దాని అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ కలిపి పంపారు. అందుకే ఈ పనిని అన్నిటికన్నా ముందు పెట్టుకోండి అంటాను.

మొదట, అసలు మీ దగ్గర ఏముందో రాసుకోండి. నాగియోస్, జాబిక్స్, కాక్టై అని మెయిన్ ప్యాకేజీ పేరు ఒక్కటి రాస్తే సరిపోదు. దాని వెబ్ పేజీని నడిపే అపాచీ, పీహెచ్‌పీ, వెనకున్న డేటాబేస్, ప్లగిన్లు, ఒక్కో సర్వర్‌లో కూర్చుని సమాచారం పంపే ఏజెంట్లు, నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, అన్నీ ఈ లిస్టులోకి రావాలి. పాత సిస్టమ్‌లలో ఇంకో చిక్కు ఉంటుంది. అప్పట్లో ఎవరో సోర్స్ తెచ్చి కంపైల్ చేసి /usr/local ఫోల్డర్ కింద పెట్టి వెళ్లిపోయి ఉంటారు, ప్యాకేజీ మేనేజర్‌కి దాని సంగతే తెలియదు, మీరు ఎన్నిసార్లు అప్‌డేట్ కొట్టినా ఆ ప్రోగ్రామ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి నడుస్తున్న ప్రాసెస్‌ల లిస్టు తీసి, ప్రతిదీ ఏ ఫైల్ నుంచి నడుస్తోందో చూసి, ఆ ఫైల్ ఏ ప్యాకేజీదని డీపీకేజీ, ఆర్‌పీఎం అన్న ప్యాకేజీ కమాండ్‌లలో మీ సిస్టమ్‌లో ఉన్నదాన్ని అడగండి. ఏ ప్యాకేజీదీ కాదని జవాబు వస్తే దాన్ని చేతులతోనే అప్‌డేట్ చేయాలి, విడిగా రాసుకోండి.

తరువాత వెర్షన్ నంబర్ దగ్గరికి వద్దాం. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కాక్టైలో సీవీఈ-2022-46169 అని ఒక పెద్ద లోపం బయటపడింది (సీవీఈ అంటే బయటపడ్డ ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు నంబర్). రిమోట్ ఏజెంట్ అన్న పీహెచ్‌పీ ఫైల్, రిక్వెస్ట్ ఏ ఐపీ నుంచి వచ్చిందో చూసి లోపలికి రానిచ్చేది, కానీ ఆ ఐపీని తెలుసుకోవడానికి బయటివాళ్లు ఇష్టమొచ్చినట్టు రాసి పంపగలిగే హెడర్‌ని కూడా నమ్మేది. అక్కడ ఒకసారి లోపలికి వచ్చాక, పోలర్ ఐడీ పేరుతో పంపిన మాటలు సరిగ్గా వడకట్టకుండానే కమాండ్‌లోకి వెళ్లిపోయేవి. లాగిన్ కూడా అక్కర్లేకుండా సర్వర్ మీద కమాండ్‌లు నడిపించే వీలు అలా దొరికింది. కాక్టై టీమ్ దీన్ని 1.2.23లో సరిచేసింది. ఇప్పుడు డెబియన్ 11 వాడేవాళ్ల సంగతి చూడండి, అందులో వచ్చే కాక్టై వెర్షన్ 1.2.16. లోపాలు వెతికే స్కానర్ ఆ నంబర్ చూసి ఎర్రగా చూపిస్తుంది. నిజానికి డెబియన్ వాళ్లు ఆ లోపానికి మందు తెచ్చి పాత 1.2.16కే పూశారు, నంబర్ మారలేదు, చివర్లో డెబ్11యూ1 అన్న తోక మాత్రం చేరింది. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు, రెడ్ హ్యాట్ వాళ్లూ ఇదే పద్ధతి పాటిస్తారు. కాబట్టి నంబర్ చూసి భయపడొద్దు, నంబర్ చూసి ధీమాగా ఉండొద్దు. ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ తెరిచి అందులో ఆ సీవీఈ నంబర్ ఉందో లేదో వెతకండి. ఉంటే ఆ రిపేర్ మీ ప్యాకేజీలో ఉన్నట్టే.

లోపం ఏ పరిస్థితిలో పనిచేస్తుందో కూడా చదవండి. జాబిక్స్‌లో సీవీఈ-2022-23131 చాలా ప్రమాదకరమైనదే, కానీ అది శామ్‌ల్ (SAML, వేరే సర్వర్ ద్వారా ఒకే లాగిన్‌తో లోపలికి వచ్చే పద్ధతి) లాగిన్ ఆన్ చేసి ఉన్న చోటే పనిచేస్తుంది. మీరు శామ్‌ల్ వాడకపోతే ఆ రాత్రే లేచి పరిగెత్తాల్సిన పనిలేదు, వాడుతుంటే మాత్రం ప్యాచ్ వేసేదాకా దాన్ని ఆపేయడమే మందు.

ఇక మీ ఓఎస్‌కి అసలు ప్యాచ్‌లు వస్తున్నాయా? సెంటోస్ 6కి 2020 నవంబరు 30తో, సెంటోస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ సర్వర్ 2012కి ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ కూడా 2023 అక్టోబరు 10తో ముగిసింది. ఉబుంటు 16.04కి మామూలు సపోర్ట్ 2021 ఏప్రిల్‌లోనే పోయినా, ఈఎస్‌ఎం అనే పొడిగింపు 2026 ఏప్రిల్ దాకా ఇచ్చారు. ఇలాంటి సిస్టమ్‌లో అప్‌డేట్ కొడితే చేయాల్సినవి ఏమీ లేవని జవాబు రావచ్చు. రిపోజిటరీలో కొత్తవి రావడం ఆగిపోయింది కాబట్టే ఆ మాట వస్తుంది, అంతా సేఫ్ అని దాని అర్థం కాదు.

ప్యాచ్ వేసేముందు బ్యాకప్. కాన్ఫిగ్ ఫోల్డర్, డేటాబేస్ డంప్, ప్లగిన్ల ఫోల్డర్, ఇవి అందరికీ తెలిసినవే. గ్రాఫుల డేటా ఆర్‌ఆర్‌డీ అన్న రకం ఫైళ్లలో ఉంటే ఒక జాగ్రత్త: ఆ ఫైళ్లను 32 బిట్ మెషీన్ నుంచి 64 బిట్ మెషీన్‌కి ఉన్నవి ఉన్నట్టు కాపీ చేస్తే తెరుచుకోవు. పాత మెషీన్‌లోనే ఆర్‌ఆర్‌డీటూల్ డంప్‌తో ఎక్స్‌ఎంఎల్‌గా తీసి, కొత్తదాంట్లో రీస్టోర్ చేయాలి. పాత పెట్టె చెడిపోయాక ఈ సంగతి తెలిస్తే ఏళ్ల చరిత్ర పోయినట్టే, అందుకే ఇప్పుడే ఎక్స్‌ఎంఎల్ తీసి పక్కన పెట్టుకోండి. జాబిక్స్ అయితే డేటాబేస్ బ్యాకప్ లేకుండా పెద్ద వెర్షన్ మారొద్దు. కొత్త సర్వర్ మొదటిసారి లేవగానే డేటాబేస్ స్కీమాని (పట్టికల అమరికని) తానే మార్చేస్తుంది, అక్కడినుంచి వెనక్కి రావడానికి బ్యాకప్ ఒక్కటే దారి. ఇంకోటి, జాబిక్స్ సర్వర్, దాని తరఫున సమాచారం సేకరించే ప్రాక్సీ రెండూ కలిపి పైకి తీసుకెళ్లండి. పాత ఏజెంట్లు కొత్త సర్వర్‌తో మాట్లాడగలవు కాబట్టి వాటి సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు.

వీలైతే సర్వర్‌ని వర్చువల్ మెషీన్‌గా ఒక కాపీ తీసి ముందు దానిమీద వేసి చూడండి. కాపీని లేపగానే చేయాల్సిన మొదటి పని నోటిఫికేషన్లు ఆపడం, లేదంటే ఒకే సమస్యకి అసలుదీ నకలుదీ రెండు అలర్ట్‌లు వెళ్లి డ్యూటీలో ఉన్నవాళ్లు అర్ధరాత్రి అయోమయంలో పడతారు. నాగియోస్‌కి కాన్ఫిగ్‌ని సరిచూసే ఆప్షన్ ఉంది, ప్యాచ్ తరువాత రీస్టార్ట్‌కి ముందు అది నడిపి తప్పులేమీ లేవని చూసుకోండి. పాత ప్లగిన్లలో చాలావరకు పెర్ల్‌లోనో పైథాన్ 2లోనో రాసినవి ఉంటాయి, సర్వర్ బాగానే లేచినా ఇవి మూగబోతాయి. అందుకే ఒక్కో రకం చెక్ కనీసం ఒక్కటైనా చేత్తో నడిపి చూడండి. అలర్ట్ రాలేదంటే అంతా బాగుందో, చెక్ చేసేదే పడిపోయిందో తెలియని స్థితి అన్నిటికన్నా చెడ్డది.

ప్యాచ్ వేశాక రీస్టార్ట్ గురించి నా అనుభవం చెప్తాను. ఒకసారి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి ప్యాచ్ వచ్చిన రోజే వేసేశాను, ప్యాకేజీ వెర్షన్ చూసుకున్నాను, పని అయిపోయిందని లిస్టులో టిక్ కూడా పెట్టాను. మూడు వారాల తరువాత వేరే పనిమీద, ఏ ప్రాసెస్ ఏ ఫైల్ పట్టుకుందో చూపే ఎల్‌సాఫ్ కమాండ్ నడిపితే, మానిటరింగ్ డీమన్ (వెనక ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్) పట్టుకుని ఉన్న లైబ్రరీ ఫైల్ పక్కన 'డెల్' అని, అంటే డిలీటెడ్ అని కనిపించింది. డిస్క్ మీద కొత్త లైబ్రరీ ఉంది, డీమన్ మాత్రం మెమరీలో ఉన్న పాతదానితోనే నడుస్తోంది. ఆ మూడు వారాలూ తలుపు తెరిచే ఉంది. అప్పటినుంచి ప్రతి ప్యాచ్ తరువాత డిలీటెడ్ అన్న ఫైళ్లను పట్టుకున్న ప్రాసెస్‌ల కోసం వెతకడం అలవాటు చేసుకున్నాను, డెబియన్, ఉబుంటులలో నీడ్‌రీస్టార్ట్ అన్న టూల్ ఆ పనే చేసిపెడుతుంది. కెర్నల్ ప్యాచ్ అయితే రీబూట్ చేస్తేనే పని అయినట్టు.

ప్యాచ్ రానే రాదనుకోండి, అప్పుడేం చేయాలి? నన్నడిగితే కొత్త ఓఎస్ మీద కొత్త మానిటరింగ్ సర్వర్ కట్టుకుని మారిపోవడమే మంచిది, పాతదాన్ని ఎంత అతికినా అతుకే. కానీ రేపే మారలేని వాళ్లుంటారు, వాళ్లు ఈలోగా దారులైనా మూయాలి. వెబ్ పేజీ అడ్మిన్ల మెషీన్లకో వీపీఎన్‌కో తప్ప ఎవరికీ కనపడకూడదు. నాగియోస్ కోసం దూరపు సర్వర్లలో చెక్‌లు నడిపే ఎన్‌ఆర్‌పీఈ వాడే 5666, జాబిక్స్ ఏజెంట్ 10050 పోర్టులు మానిటరింగ్ సర్వర్ ఐపీ ఒక్కదానికే తెరవండి. ఎన్‌ఆర్‌పీఈలో బయటినుంచి ఆర్గ్యుమెంట్లు తీసుకునే సెట్టింగ్ ఉంటుంది, 'డోంట్ బ్లేమ్ ఎన్‌ఆర్‌పీఈ' అని పేరులోనే హెచ్చరిక పెట్టారు, దాన్ని సున్నాకి మార్చండి. 2.15 వెర్షన్‌దాకా ఆ ఆర్గ్యుమెంట్లలోకి కమాండ్‌లు దూర్చే లోపాలు బయటపడ్డాయి. ఎస్‌ఎన్‌ఎంపీ 1, 2సీ వెర్షన్లలో కమ్యూనిటీ పేరు దాచకుండా నెట్‌వర్క్‌లో వెళ్తుంది, కాబట్టి 'పబ్లిక్' అన్న డీఫాల్ట్ పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. పరికరం ఒప్పుకుంటే పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ రెండూ పెట్టి వెర్షన్ 3కి మారండి, ఒప్పుకోకపోతే రైట్ అనుమతి తీసేసి, 161 పోర్టుని సర్వర్ ఐపీకే పరిమితం చేయండి.

నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్, టీసీపీడంప్ లాంటివి ఆ పాత పెట్టెలో ఉంటే వాటినీ వదలొద్దు. వందల ప్రోటోకాల్స్‌ని విడదీసి చదివే ప్రోగ్రామ్‌లవి, ఎవరో పంపిన వంకర ప్యాకెట్‌ని చదవబోయి దెబ్బతినే లోపాలు వాటిలో తరచూ బయటపడతాయి. వైర్‌షార్క్‌ని రూట్‌గా నడపకండి. పాతదాంట్లో వైర్‌షార్క్‌తో వచ్చే డంప్‌క్యాప్‌తో ప్యాకెట్లు ఫైల్‌లోకి పట్టి, ఆ ఫైల్‌ని ప్యాచ్ అయిన వేరే మెషీన్‌లో తెరవండి.

అన్నీ అయ్యాక మిగిలేది, ప్యాచ్‌కి ముందు ఎవరైనా లోపలికి వచ్చారా అని చూడటం. ప్యాచ్ తలుపు మూస్తుంది, ఇంట్లో దూరినవాడిని బయటికి పంపదు. వెబ్ సర్వర్ లాగ్‌లలో ఆ లోపం ఉన్న ఫైల్‌కి వచ్చిన రిక్వెస్ట్‌లు, మీరు పెట్టని క్రాన్ జాబ్‌లు (టైమ్‌కి వాటంతటవే నడిచే పనులు), కొత్త యూజర్లు, వెబ్ ఫోల్డర్‌లో ఈమధ్య మారిన ఫైళ్లు, మానిటరింగ్ యూజర్ పేరుతో నడుస్తున్న తెలియని ప్రాసెస్‌లు చూడండి. అనుమానం కొంచెం తగిలినా ఆ సర్వర్‌ని మొదటినుంచి కొత్తగా కట్టి, దాంట్లో దాచిన కమ్యూనిటీ పేర్లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చేయండి, మీరు మొదట్లో రాసుకున్న లిస్టు ఇప్పుడు అక్షరాలా అక్కరకొస్తుంది.